పడుగు మీద గంజి ఉండగా

మా చెంచమ్మత్త గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. పాపం అమాయకురాలు, చదువులేనిది, పటాలం వాళ్లతో పెట్టుకోకూడదని తెలియక పెట్టుకుంది అంటారు. ఆవిడ అమాయకురాలు కాదు. ఏం చేస్తోందో, దానికి ఏం పోతుందో అన్నీ తెలిసే చేసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

చీరాలకు అవతల, రైలు స్టేషనుకు పోయే రోడ్డును ఆనుకుని మా పేట. అన్నీ నేతగాళ్ల ఇళ్లే. నేను ఆ వీధికి కోడలిగా వెళ్లేసరికి చెంచమ్మత్తకు నలభై దాటాయి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, భావనారాయణ. ఎదురింట్లో ఆవిడ తమ్ముడు కోటిలింగం, అతని భార్య మల్లేశ్వరి. వరసకే నాకు అత్త గానీ, కాపరానికి వచ్చిన వారంలోనే ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి పడుగు దగ్గర నిలబెట్టింది. మా సొంత అత్తగారు కూడా నోరెత్తలేదు. ఆ వీధిలో పడుగు దగ్గర చెంచమ్మ మాటే మాట.

మీది ఏ ఊరో, ఏ వృత్తో నాకు తెలియదు గనక పడుగు సంగతి కాస్త చెప్పాలి. చీర నేసే ముందు నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా చాపి, పంగల కర్రల మీదికి ఎత్తి, రెండు కొసలా మోకులతో బిగించి కడతారు. దానికి గంజి పట్టిస్తారు. పెద్ద కుంచెను అటొకరు ఇటొకరు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుకుంటూ నడుస్తారు. వెనకాల మాలాంటి ఆడవాళ్లం తెగిన పోగులు అతుకుతూ పోతాం. ఇంటికొకరు చొప్పున రావాలి. ఇవాళ మీ పడుగు, రేపు మా పడుగు. తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఒకసారి గంజి పెట్టాక ఆపడమన్న మాట లేదు. ఆపితే పోగులన్నీ ఒకదానికొకటి కరుచుకుని మోకులా బిగుసుకుపోతాయి, ఆ ఇంటి నెల తిండి మట్టిలో కలిసిపోతుంది. ఇంట్లోంచి చావు కబురు వచ్చినా సరే, కుంచె ఇంకొకరి చేతిలో పెట్టి పరుగెత్తాలి తప్ప కింద పెట్టకూడదు.

మా వీధి పొట్టిది, పడుగు పొడుగుది. అందుకని చివరి పంగల కర్రలు స్టేషను రోడ్డు మీదికి వచ్చేవి. రోడ్డు మీద పోయే బళ్లు ఆగేవి. పొగాకు బళ్లవాళ్లు ఎద్దులను విప్పి చుట్ట ముట్టించుకునేవాళ్లు. పెళ్లివారు వచ్చినా మేళం ఆపించి నిలబడేవాళ్లు. కానిస్టేబులు హయాత్ రోజూ సైకిలు దిగి, పడుగు ఆరేదాకా మల్లేశ్వరితో కబుర్లాడి వెళ్లేవాడు. గంజి ఆరేదాకా ఎంతవాడైనా ఆగాల్సిందే, అది మా ఊరి మర్యాద.

చెంచమ్మత్తా, కోటిలింగమూ ఒక కుంచెకు అటూ ఇటూ. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్లు. గంజి పల్చనైందని ఆవిడ, అక్క నడక మందగించిందని ఇతను. మళ్లీ రోజూ అదే కుంచె. ఇంకొకరు పట్టుకుంటే చెయ్యి కుదరదని ఇద్దరూ అనేవాళ్లు.

చైనా వాళ్లు దండెత్తిన ఏడాది భావనారాయణ పటాలంలో చేరాడు. వీధంతా స్టేషనుకు వెళ్లి దండలేసి సాగనంపింది. చెంచమ్మత్త తన చెవుల కమ్మలు తీసి రక్షణ నిధికి ఇచ్చేసింది. తర్వాత ఆవిడ చెవులకు పుల్లలే. పాకిస్తానుతో యుద్ధమప్పుడు జవాన్ల రైలు మా స్టేషన్లో ఆగుతుందని తెలిస్తే చాలు, మజ్జిగ కుండలతో పరుగు. తన మగ్గం మీద నేసిన తువ్వాళ్లు కిటికీల్లోంచి వాళ్ల చేతుల్లో పెట్టేది. ఎవరి పిల్లలో, ఏ భాషో. అందరినీ నాయనా అనే పిలిచేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మాకు సైన్యమంటే గిట్టదని తర్వాత రాసిన పత్రికల వాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఎంతమంది కమ్మలు ఇచ్చారో నేను అడగదలుచుకోలేదు.

అరవయ్యారులో ఉక్కు ఫ్యాక్టరీ గొడవ వచ్చింది. విశాఖలో పెట్టాలని ఊరూరా బందులు, ఊరేగింపులు. మా వీధి కుర్రాళ్లూ వెళ్లారు, అరిచారు, దాచేదేముంది. ఎవరో స్టేషన్లో సిగ్నలు తీగలు తెంపారు, ఎవరో ఆఫీసుల మీద రాళ్లు వేశారు. చైనా యుద్ధంనాటి అత్యవసర పరిస్థితి ఇంకా ఎత్తేయలేదు. దేశం ఆపదలో ఉందన్న మాట ఒకటి పైవాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తిండిగింజల కరువుకూ అదే మాట, మా అరుపులకూ అదే మాట. అలా మా ఊరికి పటాలం దిగింది. పొగాకు గోడౌనులో మకాం పెట్టారు. పోలీసులను స్టేషన్లో కూర్చోబెట్టి, ఊరిని వాళ్ల చేతుల్లో పెట్టారు. కర్ఫ్యూ అన్నారు. పొద్దున పూట కాసేపు సడలిస్తాం గానీ ఐదుగురు ఒకచోట చేరకూడదని దండోరా వేయించారు.

ఐదుగురు చేరకుండా పడుగుకు గంజి ఎలా పెడతారు? ఆ దండోరా రాసిన పెద్దమనిషికి కట్టుకునే పంచె ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు కాబోలు. దానికి ముందు ముసురు, ఆ తర్వాత కర్ఫ్యూ. మగ్గాలన్నీ ఖాళీ. చౌక దుకాణంలో బియ్యం లేవు. మల్లేశ్వరి ఇంట్లో మిగిలినవి కాసిని జొన్నలు. అవి కాచుకుని తాగుదామంది ఆవిడ. తాగితే ఇవాళ గడుస్తుంది, పడుగుకు పెడితే నెల గడుస్తుందని చెంచమ్మత్త అంది. వీధిలో భయపడనివాళ్లు లేరు, నాతో సహా. అయినా మర్నాడు కర్ఫ్యూ సడలగానే ఇంటికొకరం వచ్చాం.

ఆ పొద్దు ముసురు విడిచి ఆకాశం తేటగా ఉంది. ఒకసారి దువ్వడం అయింది. రెండోసారి అక్కాతమ్ముళ్లు కుంచెతో రోడ్డు వైపు వస్తున్నారు, నేను కోటిలింగం వెనకే పోగులు అతుకుతున్నాను. జీపు వచ్చింది, వెనక ఒక లారీ. వాళ్లకు కనిపించింది ఇదీ: రోడ్డు మీద పాతిన కర్రలు, బిగించిన మోకులు, గుంపు. జవాన్లు దూకి తుపాకులు ఎత్తి అరిచారు.

"రుక్ జావ్!"

మాలో ఎవరికీ హిందీ రాదు. అయినా ఆగమంటున్నారని తెలియడానికి భాష అక్కర్లేదు. ఇంకే వీధి అయినా చెదిరి పారిపోయేది. మేం పారిపోలేదు. గంజి పచ్చిగా ఉంది. అంతకుమించి మాకు ఏ ఆలోచనా లేదు. ఆ చివరకు చేరాక చేతులెత్తి చెప్పుకోవచ్చు అనుకున్నాం. ఎంతటివాడైనా గంజి ఆరేదాకా ఆగుతాడని మాకు తాతల నాటి నమ్మకం. మేం చేసిన పొరపాటు అదొక్కటే. తుపాకీ చూసి కూడా కదలని గుంపు వాళ్ల కళ్లకు ఎలా కనిపించిందో ఇప్పుడైతే ఊహించగలను.

ఒక జవాను వచ్చి చివరి పంగల కర్రను కాలితో తన్ని పెకలించాడు. పడుగు ఒక్కసారిగా సడలి నేలకు వంగింది. కోటిలింగం కుంచె కొస నా చేతిలో పెట్టి, పరుగెత్తుకుపోయి ఆ కర్ర ఎత్తాడు. మళ్లీ పాతడానికే ఎత్తాడు. కర్ర తల మీదికి లేచింది. వాళ్లలో ఒక పిల్లాడు, మీసం కూడా సరిగా రాలేదు, కాల్చాడు.

కోటిలింగం పడుగు మీదే పడ్డాడు. చెంచమ్మత్త కుంచె వదిలేసింది. ఆవిడ చేతిలోంచి కుంచె కింద పడటం మా వీధి చూడటం అదే మొదటిసారి. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఏడవలేదు, ఆ పిల్లాడి వంకే చూసింది. హయాత్ ఆ రోజు అక్కడ ఉండి ఉంటే ఉర్దూలో రెండు ముక్కలు చెప్పేవాడు, ఇది పడుగు సార్, వాళ్లు నేతగాళ్లు అని. ఊరు తెలిసినవాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టి, ఊరు తెలియని పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చి పంపారు. నాకు ఇప్పటికీ ఆ కోపం తీరలేదు.

మూడో నాటికి పత్రికలో వచ్చింది. రోడ్డుకు అడ్డంగా కంచె కట్టిన అల్లరి మూక కర్రలతో సైనికుల మీద పడిందట, ఆత్మరక్షణ కోసం కాల్చారట, ఒక దుండగుడు చనిపోయాడట. కోటిలింగం బతికుండగా వీధిలో కుక్కను కూడా కర్రెత్తి అదిలించి ఎరగడు. మల్లేశ్వరి ఆ ముక్క చదివించుకుని విని, దుండగుడి పెళ్లాన్నయ్యానా వదినా అని అడిగింది. ఆ మాట చెరిగేదాకా చెంచమ్మత్తకు నిద్ర లేదని మాకు అర్థమైంది.

విచారణ వేశారు. రెవెన్యూ శాఖ పెద్ద అధికారి వచ్చి సత్రంలో కూర్చుని సాక్షుల మాట వింటాడన్నారు. దానికి రెండు రోజుల ముందు ప్లీడరు శేషాచలం గారు వచ్చారు. మంచివాడే, మా వీధి తగాదాలు ఊరికే తీర్చిన మనిషి. అరుగు మీద కూర్చుని, తల వంచుకుని, ఎవరో చెప్పమన్న మాటలు చెప్పారు. గందరగోళంలో నేనేమీ చూడలేదని చెంచమ్మ అంటే చాలట. కొడుకు పటాలంలో ఉన్నాడు కదా, తల్లి పటాలం మీద సాక్ష్యం చెబితే వాడి గతేమిటో ఆలోచించుకోమన్నారు. వాడు పంపేదే ఆ ఇంటికి నిలకడైన ఆధారమని ఆయనకూ తెలుసు. చెంచమ్మత్త మంచినీళ్లిచ్చి పంపేసింది.

ఆ సాయంత్రమే భావనారాయణ దిగాడు. మామూలుగా నెలల తరబడి అడిగినా దొరకని సెలవు అడక్కుండానే దొరికింది. ఎందుకు ఇచ్చారో వీధికంతా తెలుసు. వాడు యూనిఫాంలో వీధిలోకి వస్తుంటే ఒక్కొక్క తలుపే మూసుకుంది. నాలుగేళ్ల కింద దండలేసిన తలుపులే అవి. నేనూ మూశాను. కిటికీలోంచి చూస్తే వాడు అటూ ఇటూ చూస్తూ నడుస్తున్నాడు, పరాయి ఊరికి వచ్చినట్టు. మా మీద కాల్చినవాళ్లు మా బిడ్డను కూడా మాకు పరాయి చేశారు. ఆ లెక్క ఏ విచారణలోనూ రాదు.

ఇంట్లో ఏం జరిగిందో మల్లేశ్వరి చెప్పింది. వాడు మేనమామ కోసం ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. ఏడ్చాక, తనకు చెప్పి పంపిన మాట బయటపెట్టాడు.

"అమ్మా, వాళ్లు ఆగమన్నారు గదా. ఆర్డరంటే ఆర్డరే. మామయ్య ఆగుంటే బతికుండేవాడు."

చెంచమ్మత్త వాడికి అన్నం పెట్టింది. పొద్దున్నే మల్లేశ్వరి పడుగుకు గంజి పెట్టాలి, నూలు వీధంతా కలిసి ఇచ్చాం, కుంచెకు అటువైపు మనిషి లేడు, నువ్వు రా అంది.

కర్ఫ్యూ అప్పటికి తీసేశారు గానీ గోడౌనులో పటాలం ఇంకా ఉంది. తెల్లవారింది. వాడు మామయ్య నిలబడే చోట నిలబడ్డాడు. చిన్నప్పటి పని, చేతులు మరిచిపోలేదు. తల్లీ కొడుకులు నడుస్తున్నారు, వెనక నేను పోగులు అతుకుతున్నాను. నేనైతే వాడితో మాట్లాడలేదు. సగం వీధి దాటారు, గంజి బాగా పచ్చిగా ఉంది. అప్పుడు చెంచమ్మత్త తల ఎత్తకుండానే, గొంతు చించుకుని అరిచింది.

"రుక్ జావ్!"

వీధి వీధంతా ఉలిక్కిపడింది. నా చేతిలో పోగు తెగింది. భావనారాయణ భుజాలు బిగుసుకుపోయాయి. ఆ అరుపు వింటే కాళ్లు నేలకు అతుక్కోవాలని నాలుగేళ్లు నేర్పారు వాడికి. కానీ చెయ్యి ఆగలేదు. కుంచె వదల్లేదు, నడక తప్పలేదు. ఆ చివరదాకా దువ్వి, కుంచె జాగ్రత్తగా ఇంకొకరికి అందించి, అప్పుడు నిలబడ్డాడు.

"చూశావా నాయనా," అంది చెంచమ్మత్త. "నువ్వూ ఆగలా."

వాడు అరుగు మీద కూలబడి, గంజి చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. నేను వెళ్లి చెంబుతో నీళ్లిచ్చాను. అంతకు ముందు రోజు తలుపు మూసినందుకు నాకు సిగ్గేసింది.

విచారణ రోజు సత్రం నిండిపోయింది. అధికారి ఒక పక్క, పటాలం తాలూకు ఆఫీసరు ఒక పక్క. మా మాట ఇంగ్లీషులోకి, వాళ్ల మాట తెలుగులోకి చెప్పడానికి ఒక గుమస్తా. చెంచమ్మత్త పడుగు అంటే ఏమిటో, కర్రలు ఎందుకో, కోటిలింగం కర్ర ఎందుకు ఎత్తాడో చెప్పింది. ఆగమన్నాక ఎందుకు ఆగలేదని అధికారి అడిగాడు. గంజి పచ్చిగా ఉందండి అంది. గుమస్తా దాన్ని ఇంగ్లీషులో చెబితే ఆఫీసరు నవ్వాడు. అధికారి మాత్రం నవ్వలేదు. అమ్మా, నీ కొడుకు కూడా సైనికుడే కదా, సైన్యం మీద ఇలా చెప్పడం నీకు సబబేనా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అసలు బెదిరింపు అదే, మర్యాదగా వచ్చింది.

చెంచమ్మత్త వెనక్కి తిరిగి కొడుకును చూసింది. మళ్లీ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మా అబ్బాయిని సరిహద్దు కాయడానికి ఇచ్చానండి. ఎవరి వీధి చివరో తుపాకీ పట్టుకుని నిలబడటానికి ఇవ్వలా. కాల్చిన పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాడికి శత్రువుని చూట్టం నేర్పారు. నేర్పి మా వీధిలోకి పంపారు. వాడు శత్రువునే చూశాడు. పంపినవాళ్లెవరో వాళ్లని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి, నేను అడుగుతా."

గుమస్తా ఇంగ్లీషులో చెప్పడం మానేసి ఆవిడ వంకే చూస్తుండిపోయాడు. అంతా రాసుకోండి అంది ఆవిడ. అధికారి రాయమన్నాక గుమస్తా రాశాడు.

అప్పుడు వెనక బెంచీ దగ్గర భావనారాయణ లేచాడు. ఆ పూట యూనిఫాం తొడుక్కునే వచ్చాడు, ఎందుకో మాకు అంతవరకు తెలియదు. తన పేరు, తన పటాలం పేరు చెప్పి, హిందీలోనూ తెలుగులోనూ ఒకే మాట చెప్పాడు. నిన్న పొద్దున ఆ పడుగు దగ్గర తనకూ ఆగమని ఆర్డరు వచ్చిందని, తనూ ఆగలేదని, తన చేతిలో కర్ర ఉంటే తననూ కాల్చేవాళ్లని. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. కూర్చోమన్నాడు. వాడు కూర్చోలేదు.

ఆ విచారణ నివేదిక ఏమైందని ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. మాకెవరూ చూపించలేదు. మంత్రిగారి బల్ల కింద ఏ చెదలు తిన్నాయో. భావనారాయణ మాత్రం తిరిగి వెళ్లి, ఏ మంచుకొండ మీదికైనా పంపండి గానీ జనం మీదికి నన్ను పంపొద్దని పెద్దాఫీసరుకు మొహం మీదే చెప్పాడు. కొన్నాళ్లు ఖైదు కొట్లో పెట్టారు, తర్వాత దుప్పట్ల గిడ్డంగిలో పడేశారు, చివరికి ఇంటికి పంపేశారు. చెంచమ్మత్త ఇంట్లో పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. ఆవిడ నోట ఒక్కనాడు కూడా అయ్యో అలా చెప్పకుండా ఉండాల్సింది అన్న మాట రాలేదు. దుండగుడన్న మాట మా ఊళ్లో మళ్లీ ఎవరూ అనలేదు, మల్లేశ్వరికి అది చాలు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. విచారణ అయిన మర్నాడు పటాలం గోడౌను ఖాళీ చేసి స్టేషనుకు బయలుదేరింది. జీపు ముందు, వెనక లారీల వరుస. మా వీధిలో పడుగు మీద గంజి పచ్చిగా ఉంది. చివరి పంగల కర్రలు ఎప్పటిలాగే రోడ్డు మీద ఉన్నాయి. కర్రలు పీకుదామా అత్తా అని నేనే అడిగాను. ఆవిడ కుంచె కొస మల్లేశ్వరి చేతిలో పెట్టింది. అటువైపు కొడుకు ఉన్నాడు, దువ్వుతూనే ఉన్నాడు. ఆవిడ నడుచుకుంటూ పోయి, కోటిలింగం పడిన చోట, కర్రకు అవతల నిలబడింది. పుల్లల చెవులు, గంజి చీర. జీపు దగ్గరికి వచ్చాక చెయ్యి ఎత్తి, తనకు వచ్చిన ఒకే ఒక్క హిందీ మాట మామూలు గొంతుతో అంది.

"రుక్ జావ్."

జీపు ఆగింది. వెనక లారీలన్నీ ఆగాయి. ఎవరో హారన్ కొట్టబోయి మానేశారు. రోడ్డు మీద పొగాకు బండివాడు అలవాటుగా ఎద్దులను విప్పుకున్నాడు. లారీల మీద కుర్రాళ్లు పడుగును చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్లూ వాళ్లకు అది ఏమిటో చెప్పినవాళ్లు లేరు. వెనక్కి తిరిగి ఆవిడ, నిదానంగానే దువ్వండి, తొందరేం లేదు అని మాకు చెప్పింది. గంజి ఆరేదాకా పటాలం అక్కడే నిలబడింది.